తేరుకుంటున్న మేతబీళ్లు, మన కెమెరాలు: అధికారులకు, ఛాయాగ్రాహకులకు బహిరంగ లేఖ

అటవీ, రెవెన్యూ శాఖల అధికారులకు, మేతబీళ్లున్న గ్రామాల సర్పంచులకు, ఆ బీళ్లలో కెమెరాలు పట్టుకుని తిరిగే ఛాయాగ్రాహకులకు నమస్కారాలు.

ఎండనక వాననక ఈ నేలకు కాపలా కాసే వాచర్ల కష్టం మాకు తెలుసు. ఈ లేఖ వాళ్ల మీద ఫిర్యాదు కాదు. ఒకప్పుడు మందలు మేసి, ఇప్పుడు మేత ఆగి గడ్డి లేస్తున్న భూముల్లో మొక్కల్నీ జంతువుల్నీ ఫొటో తీసే తీరు మారాలని కొన్నాళ్లుగా అడుగుతున్నాం. అర్జీలు ఇచ్చాం, సమావేశాల్లో మాట్లాడాం. సరేనన్నవాళ్లు ఉన్నారు గానీ కాగితం మీదికి ఏదీ రాలేదు. అందుకే ఇప్పుడు అందరి ముందూ పెడుతున్నాం.

మేం చెప్పదలచింది ఒకటే. తేరుకుంటున్న నేలలో ఫొటో ముందు సాక్ష్యంగా పనికిరావాలి, అందం ఆ తర్వాత సంగతి. ఇప్పుడు జరుగుతున్నది దీనికి తలకిందులు. మగ కృష్ణజింక గాల్లోకి ఎగిరిన ఫొటోలు ఎన్ని కావాలంటే అన్ని దొరుకుతాయి. అదే జింక కాళ్ల కింద అయిదేళ్ల కిందట ఏ గడ్డి ఉండేది, ఇప్పుడు ఏది ఉంది, సర్కారు తుమ్మ ఎంత దూరం పాకింది అని చూపించే జత ఫొటో అడగండి, దాదాపు ఎవరి దగ్గరా ఉండదు. పైగా ఆ ఎగిరే జింక కోసం జీపుని దారి దించి గడ్డిలో తోలిన టైరు గాడి మాత్రం రెండు వానాకాలాలు దాటినా నల్లరేగడిలో అలాగే ఉంటుంది.

రోళ్లపాడునే తీసుకుందాం. నంద్యాల జిల్లాలోని ఈ బీటిలో ఒకప్పుడు చుట్టుపక్కల ఊళ్ల పశువులూ గొర్రెలూ మేసేవి. బట్టమేక పక్షి కోసం 1988లో 614 హెక్టార్లను అభయారణ్యంగా ప్రకటించారు. 1980లలో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకులు ఇక్కడ మకాం వేసి ఆ పక్షి జీవితాన్ని చదివారు. మేత తగ్గిన చోట గడ్డి లేచింది, కృష్ణజింకలు పెరిగాయి, చలికాలంలో వలస వచ్చే పిల్లిగద్దలకు రాత్రి నేల మీద పడుకోవడానికి పొడుగు గడ్డి దొరికింది. అయినా ఎవరి కోసమైతే ఈ కాపలా అంతా పెట్టారో ఆ బట్టమేక నిలవలేదు. ఒక కారణం అభయారణ్యం బయట ఉంది. కాలువ నీళ్లు వచ్చాక, బట్టమేక మేతకు తిరిగే మెట్ట చేలలో పంటలు మారాయి. రెండో కారణం గడ్డిలోనే ఉంది. మగపక్షి తన ఆట ఆడటానికి పొట్టి గడ్డి, ఖాళీ నేల చూసుకుంటుంది. ఆడది గుడ్డు పెట్టడానికి కాస్త మరుగు వెతుక్కుంటుంది. నేలంతా ఒకే ఎత్తున గడ్డి లేస్తే ఇద్దరిలో ఒకరికి చోటు లేనట్టే. ఏడాదికి సాధారణంగా ఒకే గుడ్డు పెట్టే పక్షికి ఆ చిన్న తేడా చాలా పెద్దది. 2011 నుంచి అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘం (ఐయూసీఎన్) జాబితాలో అది అంతరించిపోయే ముప్పు అన్నిటికంటే ఎక్కువగా ఉన్న వర్గంలో ఉంది.

గడ్డి ఎత్తు ఏ మూల, ఏ ఏడాది మారిందో చూపే ఫొటో వరస అందరి చేతికీ అందేలా ఉండి ఉంటే, మేత ఎంత ఆపాలి, ఎంత వదలాలి అన్న వాదన ఊహల మీద నడిచేది కాదు. పక్షి పోయాక దాని పాత ఫొటోలు పంచుకుని బాధపడటం తేలిక. అది పోతున్నప్పుడు నేల ఫొటో తీసి పెట్టడం ఎవరికీ తోచని పని.

దీనికి తోడు ఇంకో చిక్కు. మన దేశంలో వేస్ట్‌ల్యాండ్ అట్లాస్ అని, అంటే బంజరు భూముల పటాల పుస్తకం, ఒకటి ఉంది. హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం ఉపగ్రహ చిత్రాలతో అది తయారవుతుంది. అందులో పొదలున్న నేలా, క్షీణించిన మేతభూమీ బంజరు లెక్కలోకే వెళ్తాయి. ఆకాశం నుంచి మే నెలలో చూస్తే గడ్డినేల గోధుమ రంగు మట్టిలాగే కనిపిస్తుంది మరి. బంజరు అని రాసి ఉన్న నేలలో మొక్కల గుంతలు తవ్వినా, సోలార్ పలకలు పరిచినా అడిగేవాడుండడు. కింద నుంచి తీసిన ఫొటో ఒక్కటే ఆ మాటకు జవాబు చెప్పగలదు, అదీ పద్ధతిగా తీస్తేనే.

అందుకని ఈ కింది అంశాలను మీ ముందు పెడుతున్నాం. ఏది ఎవరి పనో అందులోనే రాశాం.

1. స్థిరమైన ఫొటో గుర్తులు పెట్టండి. ప్రతి 50 హెక్టార్లకు ఒక చోటు చొప్పున రోళ్లపాడు అంత భూమికి పన్నెండు చాలు. కంచె బయట, మందలు ఇంకా మేసే నేలలో మరో పన్నెండు ఉండాలి. బయటివి లేకపోతే లోపల కనిపించే మార్పు మేత ఆగడం వల్ల వచ్చిందా, ఆ ఏడు వానలు బాగా పడటం వల్ల వచ్చిందా తేల్చలేం.

గుర్తు ఎలా ఉండాలో కూడా చెబుతాం, ఎందుకంటే ఇక్కడే ఎక్కువమంది తప్పుతారు. నిలువెత్తు రాతి కూసం పాతొద్దు. చెట్టులేని నేలలో ఎత్తైన కూసం పాతితే కాకికీ గద్దకూ మంచె కట్టి ఇచ్చినట్టే. అక్కడ కూర్చుని చుట్టూ ఉన్న నేలగూళ్లలో గుడ్లు ఎక్కడున్నాయో చూసుకుంటాయి. కాబట్టి రాయి నేలకు జానెడే పైకి ఉండాలి, లోపల రెండడుగులు దిగాలి, అడుగున రెండు తట్టల కాంక్రీటు పోయాలి. నల్లరేగడి ఎండకు బీటలిచ్చి వానకు ఉబ్బుతుంది గనుక, పైపైన పాతిన రాయి రెండేళ్లలో ఒరిగిపోతుంది. రాయి నెత్తిన వేలు పట్టే గుంట తొలిపించండి. దాని మీద 1.4 మీటర్ల కర్ర నిలబెట్టి, కర్ర కొసన కెమెరా బిగించాలి. పదిమీటర్ల దూరంలో ఉత్తరం వైపు రెండో రాయి పెట్టి, ఫొటో తీసేటప్పుడు దాని మీద పది సెంటీమీటర్లకో పట్టీ తెలుపు ఎరుపు రంగులేసిన మరో కర్ర నిలపాలి. గడ్డి ఎన్ని పట్టీలు కప్పిందో లెక్కపెడితే ఎత్తు తెలిసిపోతుంది. రాళ్ల మీద బొమ్మలూ బాణాలూ చెక్కించొద్దు. నిధి ఉందని రాత్రికి రాత్రి తవ్వే మహానుభావులు మన సీమలో తక్కువేం లేరు.

ప్రతి గుర్తు దగ్గరా అయిదు ఫొటోలు: ఉత్తరం, తూర్పు, దక్షిణం, పడమర, చివరిది కిందికి. కిందికి తీసేదానికి ఒక మీటరు చదరపు పైపు చట్రం నేల మీద పరచాలి. చట్రం నాలుగు మూలలకూ నేలలో మేకులు దిగ్గొట్టి ఉంచితే ప్రతిసారీ అదే మీటరు దొరుకుతుంది. ఫోనులో 1ఎక్స్ గానీ, 24 నుంచి 28 ఎం.ఎం. లెన్స్ గానీ వాడాలి. 50 ఎం.ఎం. పెడితే 1.4 మీటర్ల ఎత్తు నుంచి చట్రం మొత్తం పట్టదు, ఒక పక్క తెగిపోతుంది. మొదటిసారి ఏ లెన్స్ వాడితే పదేళ్లూ అదే. వైట్ బ్యాలెన్స్ ఎండ గుర్తు దగ్గర ఆపేయాలి. ఆటోలో వదిలితే అదే గడ్డి ఒకసారి పచ్చగా, ఒకసారి పసుపుగా వస్తుంది. ఫోన్లలో రంగులు వాటంతటవే పెంచే సెట్టింగులన్నీ తీసేయాలి. లేత పచ్చని చిక్కని పచ్చ చేసే ఫోను ఈ పనిలో అబద్ధపు సాక్షి.

ఏడాదికి మూడుసార్లు తీస్తే సరిపోతుంది. మే ఆఖరున నేల బోసిగా ఉంటుంది, మట్టి కోత, టైరు గాడులు, తుమ్మ మొలకలు స్పష్టంగా కనిపిస్తాయి. అక్టోబరులో గడ్డి కంకి మీద ఉంటుంది. జనవరిలో ఎండి నిలబడి ఉంటుంది, పిల్లిగద్దలకు మిగిలిన మరుగెంతో అప్పుడే తెలుస్తుంది. ఉదయం ఎనిమిది, తొమ్మిది మధ్య తీయాలి. తూర్పు వైపు ఫొటోలో ఎండ లెన్స్‌లో పడుతుంది, చేత్తో నీడ పట్టాలి. ఎత్తు కొలిచే ముఖ్యమైన ఫొటోని ఉత్తరం వైపే పెట్టమన్నది అందుకే.

ఇక ఫొటోలు దాచే సంగతి. అసలు ఫైళ్లను వాట్సాప్‌లో పంపి అవే దాచామనుకోవద్దు. అలా పంపితే ఫొటో కుదించుకుపోతుంది, తీసిన తేదీ, చోటు చెప్పే వివరాలు రాలిపోతాయి, కోర్టులో గానీ సర్వేలో గానీ అది నిలవదు. ఫైలు పేరులోనే ఊరు, గుర్తు సంఖ్య, దిక్కు, తేదీ ఉండాలి. రెండు చోట్ల దాచాలి, ఒకటి డివిజన్ ఆఫీసులో, ఒకటి గ్రామ పంచాయతీలో. ఫోను జీపీఎస్ అయిదు పది మీటర్లు అటూ ఇటూ చూపిస్తుంది కాబట్టి, రాయి లేకుండా అంకెల్ని నమ్ముకుని అదే చోటికి వెళ్లడం కుదరదు.

2. గడ్డిని గడ్డిగా గుర్తుపట్టేలా తీయండి. 'పచ్చిక పరచుకుంది' అని రాసి దూరం నుంచి తీసిన ఫొటో ఎవరికీ పనికిరాదు. సెహిమా నర్వోసమ్ అనే గడ్డి పెరుగుతోందంటే మంచి మేత తిరిగొస్తోందని అర్థం. అరిస్టిడా జాతులు కమ్ముకుంటే నేల ఇంకా నలిగే ఉందని అర్థం. హెటెరోపోగాన్ విత్తనం బల్లెంలా మొనదేలి గొర్రె తోలులోకి దిగుతుంది, నోరు పుండు చేస్తుంది, అందుకే కాపరులు అది ముదిరే రోజుల్లో ఆ వైపు మంద తోలరు. ఈ మూడూ లేతగా ఉన్నప్పుడు ఒకేలా కనిపిస్తాయి. తేడా కంకిలోనూ, ఆకు కాండాన్ని కలిసే చోటి చిన్న పొరలోనూ ఉంటుంది. కాబట్టి ప్రతి రకానికి నాలుగు ఫొటోలు: మొక్క మొత్తం మొదలుతో సహా, కణుపు, ఆకు కాండం కలిసే చోటు, స్కేలు పక్కన పెట్టిన కంకి. గాలి లేవకముందే తీయాలి, వెనక నల్ల గుడ్డ పట్టాలి, ఎఫ్ 8 లేదా ఎఫ్ 11 పెట్టాలి. అంతకంటే తక్కువ అంకె పెడితే కంకిలో సగం మసకేస్తుంది.

3. ఒకటో అంశంలోని రాళ్ల పనికీ, ఫొటోలకూ తప్ప, మార్చి నుంచి వానలు పడేదాకా గడ్డినేలలో దారి దిగొద్దు. చితవ, తీతువు, పోలంకి వంటి పక్షులు గూడు కట్టవు. నేల మీద చిన్న గుంటలో గులకరాళ్లలాంటి గుడ్లు పెడతాయి. పక్కనే నిలబడ్డా కనపడవు. వాటి మీద నుంచి జీపు పోయినా పోయినట్టు తెలియదు. ఇంకా పెద్ద నష్టం కంటికి కనిపించదు. మే నెల మధ్యాహ్నం నేల నిప్పులా కాలుతుంది. తల్లి గుడ్ల మీద కూర్చునేది వేడి ఇవ్వడానికి కాదు, నీడ పట్టడానికి. మంచి ఫొటో కోసం మనం దగ్గరే కాచుకుని కూర్చుంటే తల్లి దూరంగా నిలబడుతుంది, గుడ్లు ఎండకు ఉడికిపోతాయి. పక్షి కుంటుతున్నట్టు, రెక్క విరిగినట్టు నటిస్తోందంటే అది ఫొటోకు అవకాశం కాదు, మనం ఇప్పటికే గూటికి మరీ దగ్గరగా వచ్చేశామని అర్థం. వచ్చిన అడుగుల్లోనే వెనక్కి పోవాలి. బండి దారి మీదే ఉండాలి, గూడు కనిపిస్తే వంద మీటర్లు ఎడం ఇవ్వాలి, గుడ్ల ఫొటో అసలే వద్దు.

ఇది మర్యాద మాత్రమే కాదు, చట్టం కూడా. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో 'వేట' అనే మాటకు ఇచ్చిన నిర్వచనంలో పక్షుల గుడ్లనూ గూళ్లనూ కదిలించడం ఉంది. జంతువుల్ని తరమడమూ ఉంది. జింకను పరుగెత్తించి తీసిన ఫొటోకి బహుమతి ఇచ్చే పోటీ నిర్వాహకులు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. అభయారణ్యంలో ఫొటోలు తీయడానికి అదే చట్టంలోని 28వ సెక్షన్ కింద అనుమతి కావాలి. ఆ అనుమతి పత్రం వెనక ఈ నియమాలు తెలుగులో అచ్చు వేయించమని అధికారులను కోరుతున్నాం.

4. నీటి దగ్గర, రాత్రి, ఆకాశం నుంచి. పోలంకులు పొద్దెక్కాక కుంటల దగ్గరికి గుంపులుగా వస్తాయి. పిల్లలున్న రోజుల్లో మగపక్షి పొట్ట ఈకలు నీళ్లలో తడుపుకుని ఆ తడిని పిల్లల దాకా మోసుకెళ్తుంది. గట్టు మీద మనుషులు బారులు తీరి ఉంటే అది దిగదు, పిల్లలకు ఆ పూట నీళ్లుండవు. కుంటకు ఒకే వైపు మరుగు కట్టి, తెల్లవారకముందే అందులో కూర్చుని, పక్షులన్నీ తాగి వెళ్లాకే లేవాలి. రాత్రి టార్చిలైటు వేసి పక్షుల్ని తీయడం పూర్తిగా ఆపాలి. వెలుగుకు కళ్లు చెదిరి కదలకుండా ఉండిపోయే పక్షినీ కుందేలునీ వేటగాళ్లు పట్టేది సరిగ్గా అదే పద్ధతిలో. 1986లో కడప జిల్లా లంకమల పరిసరాల్లో మళ్లీ బయటపడ్డ కలివికోడి కూడా రాత్రి తిరిగే పక్షే. రికార్డు చేసిన కూత వినిపించి పిలవడం, డ్రోను ఎగరేయడం కూడా గడ్డినేలల్లో నిషేధించాలి. వానాకాలంలో ఎగిరెగిరి దూకే నేల నెమలి మగపక్షి, తన హద్దులో లేని శత్రువుతో రోజంతా పోట్లాడుతూ కూర్చుంటే జతకట్టేది ఎప్పుడు?

5. చోటు బయటపెట్టొద్దు. తోడేలు బొరియ, గుంటనక్క పిల్లలు, అరుదైన పక్షి ఉన్న ఊరు పేరు ఫొటోతో పాటు పెడితే వచ్చే ఆదివారం పదిహేను కార్లు వస్తాయి. పిల్లల్ని తల్లి ఇంకో చోటికి మోసుకుపోతుంది, దారిలో కుక్కలు పడతాయి. లేదా గొర్రెలు పోగొట్టుకున్న కోపం మీద ఉన్నవాడెవడో బొరియకు పొగ పెడతాడు. జీవుల ఫొటోలు నమోదు చేసే ఐనాచురలిస్ట్ వంటి ఇంటర్నెట్ వేదికలు ముప్పున్న జాతుల చోటును మసకచేసి చూపిస్తాయి. కానీ ఫొటోలో వెనక కొండ గీత, కరెంటు టవరు, గాలిమర కనిపిస్తే ఆ ఊరివాడు చోటు ఇట్టే చెప్పేస్తాడు. వెనక భాగం కత్తిరించండి. మూడు నెలలు ఆగి పెట్టండి. జింక కూన గడ్డిలో ఒంటరిగా పడుకుని కనిపిస్తే తల్లి వదిలేసిందని ఎత్తుకురావద్దు. తల్లే అక్కడ దాచి మేతకు వెళ్లి ఉంటుంది.

6. కెమెరా ట్రాపుల్లో, అంటే ముందు నుంచి ఏదైనా పోతే వాటంతటవే ఫొటో తీసే కెమెరాల్లో, పడే మనుషుల సంగతి తేల్చండి. ఈ బీళ్లలోకి గడ్డికీ, కట్టెలకూ, బహిర్భూమికీ ఆడవాళ్లు వస్తారు. వాళ్లకు తెలియకుండా తీసిన బొమ్మలు ఎవరి ల్యాప్‌టాప్‌లోనో ఉంటున్నాయి. ఇది చిన్న విషయం కాదు. ట్రాపు పెట్టే ముందు గ్రామసభలో చెప్పాలి, చోట్లు చూపించాలి, మనుషులున్న ఫొటోలు కార్డు తీసిన రోజే వాచరు ఎదుట చెరిపేయాలి. ఆ ఫొటోలతో కట్టెలు తెచ్చుకున్నవాళ్ల మీద కేసులు పెట్టబోమని రాసి ఇవ్వాలి. అలా రాసివ్వకపోతే కెమెరాలు పగులుతాయి, తప్పు పగలగొట్టినవాళ్లది మాత్రమే అనలేం.

సాంకేతికంగా రెండు మాటలు. ట్రాపు లోపలి సెన్సరు వేడి తేడాను పట్టుకుంటుంది. మే నెలలో నేల వేడి జంతువు ఒంటి వేడికి దగ్గరగా వచ్చి ఆ తేడా చెరిగిపోతుంది కాబట్టి పగటిపూట నక్క ముందు నుంచి పోయినా క్లిక్కుమనకపోవచ్చు. ఆ నెలలో జంతువులు పడలేదు కాబట్టి లేవని రాసిన నివేదికలు నమ్మొద్దు. అక్టోబరులో దీనికి సరిగ్గా వ్యతిరేకం. ఊగే గడ్డికే వేల ఫొటోలు తీసి కార్డు నిండిపోతుంది. గడ్డి కోయకుండా, అప్పటికే ఉన్న మందల దారి పక్కన, మోకాలికి కాస్త దిగువన, దారికి మూడు నాలుగు మీటర్ల ఎడంగా, ఉత్తరం లేదా దక్షిణం చూసేలా పెట్టాలి.

7. పంట నష్టం, మంద నష్టం ఫొటోలకు పద్ధతి ప్రకటించండి. గడ్డి తిరిగొస్తే జింకలు పెరుగుతాయి, పెరిగిన జింకలు శనగ, వేరుశనగ, జొన్న చేలలో పడతాయి. నంద్యాల, కర్నూలు వైపే కాదు, తెలంగాణలో నారాయణపేట జిల్లా కృష్ణా, మాగనూరు మండలాల రైతులు కూడా చెబుతున్నది ఇదే. అందమైన జింక ఫొటో చూసి మురిసిపోయే పట్నం మనిషికి దాని ఖర్చు కనిపించదు. ఆ ఖర్చు కౌలు రైతు కడుతున్నాడు. నష్టపరిహారం కోసం అతడు తెచ్చే ఫొటో చాలాసార్లు పనికిరాదు, ఎందుకంటే ఎలా తీయాలో ఎవరూ చెప్పలేదు. మేం సూచించేది ఇది: పొలం హద్దు రాయి కనిపించేలా ఒకటి, తిన్న మేర మొత్తం ఒకటి, కొరికిన మొక్క దగ్గరగా ఒకటి, స్కేలు లేదా అగ్గిపెట్టె పక్కన పెట్టి గిట్టల అచ్చు ఒకటి, పెంటిక ఒకటి. తెల్లవారగానే, నీళ్లు పెట్టకముందే తీయాలి. గొర్రె చచ్చిపోతే కళేబరాన్ని కదపకుండా గొంతు, వెనక తొడలు విడివిడిగా తీయాలి. ఊరకుక్కలు సాధారణంగా ఒకే రాత్రి చాలా గొర్రెల్ని వెనక నుంచి చీరేస్తాయి, ఆ నెపం తోడేలు మీద పడుతుంది. కౌలు కాగితం లేని రైతు ఫొటోను కూడా తీసుకోవాలి. ఎన్ని రోజుల్లో జవాబిస్తారో ఆఫీసు గోడ మీద రాయండి.

8. గుంత తవ్వే ముందు ఫొటో, తవ్వాక ఫొటో. గడ్డినేలలో మొక్కలు నాటే ఏ పథకమైనా, అంతకుముందు అక్టోబరులో ఆ చోట తీసిన ఫొటోలు పంచాయతీ గోడ మీద అతికించాకే మొదలవ్వాలి. కంకి మీదున్న గడ్డి ఫొటో గోడ మీద ఉండగా దాన్ని బంజరు అని రాయడం ఎవరికైనా కష్టమే. పనికొచ్చే మొక్కల నాట్లు లేవనడం లేదు, కానీ గడ్డి వేర్లతో నిండిన నేలను తవ్వి, మూడో ఏడాదికి ఎండిపోయే మొక్కల్ని పెట్టడం మాత్రం మాకు అర్థం కాదు. సర్కారు తుమ్మ కథ మనకు గుణపాఠం కావాలి. 1870లలో కడప జిల్లా కమలాపురంలో మొదట విత్తినట్టు రికార్డులు చెబుతున్న ఈ చెట్టు, గొర్రెలు కాయలు తిని పెంటికతో చల్లగా చల్లగా ఇవాళ ప్రతి బీటిలోనూ ఉంది. పై నుంచి నరికితే పది కొమ్మలేసి లేస్తుంది. మొదలును నేలలో జానెడు లోతు నుంచి వేరుతో సహా తీయాలి. గడ్డిలో రెండు మూడు మొలకలున్నప్పుడే మే నెల ఫొటోలో కనిపిస్తుంది, అప్పుడైతే గడ్డపారతో పోతుంది. పొదైపోయాక యంత్రం కావాలి.

9. మేపుకునేవాళ్లను ఈ పనిలో కలపండి. మేత ఆపగానే మొదటి కొన్నేళ్లు గడ్డి తేరుకుంటుంది, అందులో సందేహం లేదు. కానీ ఏళ్ల తరబడి పూర్తిగా మూసేస్తే ఎండు గడ్డి మట్ట పేరుకుంటుంది, పొట్టి గడ్డి కోరే పక్షులు వెళ్లిపోతాయి, నిప్పు అంటుకుంటే ఆగదు. గొల్ల, కురుమ, కురువ కుటుంబాలకు ఇంకో నష్టం. బీడు మూశాక మందను ఇరవై ముప్ఫై కిలోమీటర్లు తోలాలి, లేదా అమ్ముకోవాలి. రైతులు పొలంలో మంద కట్టించుకుని ఎరువు పొందే పాత ఒప్పందాలు కూడా అక్కడితో తెగిపోతాయి. కాబట్టి గింజ రాలాక, డిసెంబరు తర్వాత, వంతులవారీగా కొన్ని భాగాల్లో మేత లేదా గడ్డి కోత అనుమతించి చూడండి. ఏ భాగంలో ఎన్ని గొర్రెలు ఎన్ని రోజులు మేశాయో రాసిపెట్టి, ఒకటో అంశంలోని ఫొటోలతో పోల్చండి. ఈ ఫొటోలు తీయడానికి వాచరుతో పాటు ప్రతి ఊరి నుంచి ఒక కాపరిని రోజుకూలి ఇచ్చి పెట్టుకోండి. ఏ మూల ఏ గడ్డి ఉండేదో వాళ్లకు తెలిసినంత మా కెమెరాలకు తెలియదు. గ్రామ ఉమ్మడి భూములను కాపాడాలని 2011 జనవరిలో జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఐక్యరాజ్యసమితి 2026ను మేతభూముల, పశుపోషకుల అంతర్జాతీయ సంవత్సరంగా ప్రకటించింది. బ్యానరు కట్టి ఊరుకోకుండా ఈ ఒక్క పనైనా మొదలుపెడితే బాగుంటుంది.

గడువు విషయం కూడా చెప్పేస్తాం. రాళ్లు పాతే పని తొలకరిలోపు అవ్వాలి. నల్లరేగడి తడిశాక బండి పోదు, తవ్విన గుంత నిలవదు. మొదటి విడత ఫొటోలు మే ఆఖరున, రెండో విడత అక్టోబరులో తీసి, ఆ ఏడాది ముగిసేలోపు అందరికీ ఉచితంగా చూడటానికి పెట్టాలి, అరుదైన జీవుల చోట్లు మాత్రం మూసి ఉంచాలి. మూడు, నాలుగు, అయిదు అంశాలకు డబ్బు అక్కర్లేదు, ఒక ఉత్తర్వు చాలు. ఏడో అంశానికి ఒక పేజీ కరపత్రం చాలు.

ఛాయాగ్రాహకులకు చివరిగా ఒక పని అప్పగిస్తున్నాం. మీ పాత హార్డ్‌డిస్కులు తెరవండి. జింక వెనకా, పక్షి వెనకా మీరు మసకచేసి వదిలేసిన నేల ఉన్న ఫొటోలు, 2000కి ముందు తీసిన ఫిల్ము స్లైడ్లు కూడా, తేదీతో సహా పక్కన పెట్టండి. కొండ గీతను బట్టి అవి తీసిన చోటు కనిపెట్టి, అక్కడే కొత్త రాయి పాతవచ్చు. రాళ్ల కొలతలు, రంగు కర్ర నమూనా, ఫైళ్లకు పేర్లు పెట్టే పద్ధతి తెలుగులో రాసి సిద్ధంగా ఉంచాం. ఏ రేంజి ఆఫీసు అడిగినా ఇస్తాం, వాచర్లకు ఒక రోజు దగ్గరుండి నేర్పుతాం, దానికి రుసుము లేదు.

ఇట్లు,
గడ్డినేలల్లో మొక్కలనూ జంతువులనూ నమోదు చేస్తున్న ఛాయాగ్రాహకులు, వృక్షశాస్త్ర అధ్యాపకులు